దింపు యూనిట్‌ని మార్కెటింగ్ సెక్షన్‌లో కలపొద్దండీ: మన సొసైటీ పాలకవర్గానికి బహిరంగ లేఖ

అధ్యక్షులు గారికి, డైరెక్టర్లు అందరికీ, కార్యదర్శి గారికి నమస్కారమండి.

నేను ఈ రైతు సహకార సొసైటీలో షేరు ఉన్న సభ్యుడిని, రెండున్నర ఎకరాల కొబ్బరి తోట ఉన్నవాడిని, చెట్టెక్కి కొబ్బరికాయ కోసి దింపే పనికి మన సొసైటీ దింపు యూనిట్ పెట్టిన రోజు నుంచి అందులో ఫోన్ ఎత్తి బుకింగులు రాసుకుని లెక్కలు చూస్తున్నవాడిని. వచ్చే మహాజన సభ అజెండాలో "దింపు యూనిట్‌ను మార్కెటింగ్ సెక్షన్‌లో విలీనం చేయుట" అని ఒక లైను చూశాను. ఆ లైను చూసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదండి. ఆఫీసుకొచ్చి చెబుదామంటే అక్కడ ఎవరో ఒకరు లేకపోవడం, ఉంటే టైం లేకపోవడం, అందుకని అందరూ చదివేలా ఇలా రాస్తున్నాను, సభ్యులు కూడా చదవాలి, ఎందుకంటే సభలో చెయ్యి ఎత్తేది వాళ్ళే.

ఈ యూనిట్ ఎందుకు పుట్టిందో చాలామందికి గుర్తుంది కానీ మళ్ళీ చెప్తాను. మన వైపు దింపు తీసేవాళ్ళు తగ్గిపోయారు. నాన్నగారి రోజుల్లో నెలన్నరకో రెండు నెలలకో దింపు అంటే పిలవక్కర్లేదు, వాళ్ళే కత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాళ్ళు, ఇప్పుడు వాళ్ళ పిల్లలు ఎవరూ చెట్టు ఎక్కట్లేదు, ఎక్కమని మనం అనలేం కూడా, అరవై అడుగుల చెట్టు మీద నుంచి పడితే ఆ ఇల్లు ఏమైపోతుందో మనందరం ఏదో ఒక వీధిలో చూసినవాళ్ళమే. మనిషి దొరక్క కాయ చెట్టు మీదే ముదిరిపోయి రాలి, బోదె కాలవలో పడి కొట్టుకుపోతుంటే చూస్తూ కూర్చున్న రైతులు ఉన్నారు. కేరళలో ఇదే ఇబ్బంది వస్తే కొబ్బరి అభివృద్ధి మండలి వాళ్ళు 2011లో కుర్రాళ్ళకి చెట్టెక్కే మిషన్ మీద శిక్షణ ఇచ్చి, ఇన్సూరెన్స్ చేయించి పనిలోకి దింపారు. మనం కూడా అలాంటిది ఒకటి చేద్దామని అప్పటి పాలకవర్గం అనుకుంది. పాత ఎరువుల గోడౌన్ పక్క గది ఇచ్చారు, కొంత డబ్బు ఒకేసారి ఇచ్చారు, ఎనిమిది మంది దింపు కార్మికులు, ఒక ఫోను, నేను. "ఏడాది మీకు ఎవరూ అడ్డు రారు, ఏడాది అయ్యాక వచ్చి లెక్క చెప్పండి" అన్నారు, అంతే.

ఆ ఏడాది మేము చేసిన తప్పులకి లెక్క లేదండి, నిజం చెప్తున్నాను. మొదట చెట్టుకింత అని రేటు పెట్టాం, పొడుగు చెట్లకి ఎవరూ రాలేదు, నెలలోపే మార్చేశాం. ఊరి వారీగా రోజులు వేశాం, వాన పడితే మొత్తం తారుమారైంది, మళ్ళీ మార్చాం. ఇంకో సంగతి మాలో ఎవరూ ముందు అనుకోనిది. చెట్టు మీదకి వెళ్ళిన మనిషికి నడినెత్తిన ఉండే లేత మొవ్వు కళ్ళ ముందే ఉంటుంది కదా, కొమ్ము పురుగు తిన్నదీ లేనిదీ, నల్లి పట్టిన కాయలు ఎన్ని, ఆకు వెనక తెల్లదోమ ఉందా, ఇవన్నీ కిందున్న రైతుకి తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది. మా దగ్గర పెద్ద వయసు కార్మికుడు ఒకాయన, ఆయన్ని మేమందరం బాబాయ్ అంటాం, ఆయన దిగొచ్చి "ఆ మూలది మొవ్వు పోతందిరా, రైతుకి చెప్పు" అనేవాడు. అదే ఒక నోటుబుక్ అయింది. చెట్లకి నంబర్లు వేశాం, దింపు అయ్యాక రైతుకి ఒక చీటీ ఇచ్చేవాళ్ళం, ఫలానా నంబరు చెట్టుకి ఇది ఉంది అని. రైతులు ఆ చీటీ కోసమే ఫోన్ చేయడం మొదలెట్టారండి! ఈ చీటీ ఆలోచన ఏ ప్రాజెక్ట్ రిపోర్టులోనూ లేదు, ఏ మీటింగులోనూ రాలేదు, చెట్టు మీద నుంచి వచ్చింది.

తర్వాత ఏడాది పాలకవర్గం మారింది, పద్ధతులూ మారాయి. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో మార్చలేదు, అది కూడా చెప్పాలి. అన్ని సెక్షన్లకీ ఒకే రూలు ఉండాలి అన్నారు, ఆడిట్‌కి బాగుంటుంది అన్నారు. సరే అన్నాం. అప్పుడు జరిగిన ఒక్క సంగతి చెప్తాను, మిగతావి మీకే అర్థమవుతాయి.

శ్రావణ మాసం ఇంకో పది రోజుల్లో మొదలవుతుందనగా బాబాయ్ తన నడుం బెల్టు తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. హుక్కు దగ్గర కుట్టు ఊడిపోయి నైలాన్ పీచులు లేచిపోయాయి, వేలు పెట్టి లాగితే వస్తున్నాయి. "తమ్ముడూ, దీంతో ఎక్కమంటే ఎక్కుతాను గానీ నా మనవరాలికి నువ్వే చెప్పుకోవాలి" అన్నాడు. ఆ రోజే కొత్త బెల్టు కావాలని ఆఫీసుకి ఇండెంట్ రాశాను. కొనుగోలుకి మూడు కొటేషన్లు కావాలన్నారు. ఆ బెల్టు అమ్మే షాపు మనకి అందుబాటులో ఉన్నది ఒక్కటే, మిగతా రెండు షాపుల వాళ్ళు మేము అమ్మని వస్తువుకి కొటేషన్ ఎలా ఇస్తాం అన్నారు, న్యాయమే కదా. అదే మాట రాసి పంపితే ఫైలు వెనక్కొచ్చింది, కొనుగోలు కమిటీ నెలకోసారే కూర్చుంటుంది, ఆ నెల కూర్చోలేదు, ఒక సభ్యుడు గారింట్లో పెళ్ళి. బెల్టు చేతికొచ్చేసరికి 23 రోజులు. మిగతా బెల్టులు కూడా ఒకేసారి కొన్నవే కాబట్టి నేను ఎవర్నీ ఎక్కనివ్వలేదు. శ్రావణం దాదాపు సగం పోయింది, గుళ్ళకీ పూజలకీ కాయకి గిరాకీ ఉండే రోజులు, బుకింగు రాసుకుని రాలేకపోయామని రైతులు ఫోన్లో ఎన్నేసి మాటలన్నారో నాకే తెలుసు. ఎనిమిది మందిలో ఇద్దరు వైజాగ్ వెళ్ళిపోయారు బిల్డింగ్ పెయింటింగ్ పనికి, మళ్ళీ రాలేదు. మధ్యలో ఒక బెల్టు నేను నా డబ్బు పెట్టి కొన్నాను, ఆ బిల్లు ఇప్పటికీ ఆడిట్ అభ్యంతరాల్లోనే ఉంది.

ఇంకొకటి, నెలవారీ రివ్యూ. ఎరువుల డిపో, రైస్ మిల్లు, లోన్ సెక్షన్, అందరితో పాటు నన్నూ కూర్చోబెట్టి "ఈ నెల డిపాజిట్లు ఎన్ని తెచ్చారు, యూరియా ఎన్ని బస్తాలు అమ్మించారు" అని అడుగుతారు. కార్మికుడు చెట్టెక్కే ముందు రైతుని డిపాజిట్ అడగాలా అండి? అడిగాం కూడా ఒక రెండు నెలలు. రైతులు ఫోన్ చేయడం తగ్గించేశారు.

నేను చెప్పేది ఒకటే అండి. ఎరువుల డిపోకి పెట్టిన రూలు మంచి రూలు. ఎందుకంటే అక్కడ ఏం కొనాలో, ఎంతకి కొనాలో, ఎప్పుడు అమ్ముడవుతుందో పదేళ్ళ లెక్క మన దగ్గర ఉంది, తెలిసిన పనిలో దొంగతనం జరక్కుండా, పొరపాటు రాకుండా చూడ్డానికి మూడు సంతకాలు ఉండాల్సిందే. కానీ ఇంకా తెలియని పనికి అదే రూలు పెడితే, ఆ పని ఏంటో తెలుసుకునే లోపే అది చచ్చిపోతుంది. కొత్త పనిలో తప్పు చేయడం ఆ వారంలోనే, దిద్దుకోవడం ఆ వారంలోనే అయిపోవాలి. దిద్దుకోవడానికి నెల పట్టిందంటే అప్పటికి రైతు వేరే దారి చూసుకుంటాడు, కార్మికుడు వైజాగ్ బస్సెక్కేస్తాడు.

ఇది నా ఒక్కడి గోల కాదండి, పెద్ద పెద్ద సంస్థల్లో కూడా ఇదే జరిగింది. జిరాక్స్ కంపెనీ అందరికీ తెలుసు కదా, ఆ కంపెనీ సొంత ల్యాబ్‌లో గ్యారీ స్టార్క్‌వెదర్ అని ఒక ఇంజనీరు లేజర్‌తో కాగితం మీద అచ్చు వేయొచ్చు అని పని మొదలెడితే పైవాళ్ళు ఆపేయమన్నారు. ఆయన పట్టుబట్టి 1971లో అదే కంపెనీ దూరంగా కాలిఫోర్నియాలో పెట్టుకున్న పరిశోధన కేంద్రానికి ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నాడు, అక్కడ చేసి చూపించాడు, 1977లో జిరాక్స్ దాన్ని అమ్మకానికి పెట్టింది, తర్వాత అది వాళ్ళకి బోలెడు డబ్బు తెచ్చిపెట్టింది. అదే మనిషి, అదే ఆలోచన, అదే కంపెనీ. కూర్చున్న గది మారింది, పైన అడిగేవాళ్ళు మారారు. ఈ ఉదాహరణ నేను ఎవరికి చెప్పినా అర్ధం అవ్వలేదు అనలేదు.

మన దేశంలో టెలిఫోన్ సంగతి చూడండి. 1984లో శ్యామ్ పిట్రోడా గారి చొరవతో సీ-డాట్ అని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలు తయారు చేసే పరిశోధన సంస్థ పెట్టారు, టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో ఇంకో సెక్షన్‌గా కాదు, విడిగా ఒక సొసైటీగా రిజిస్టర్ చేసి, 36 నెలలు, 36 కోట్లు అని ముందే గిరి గీసి ఇచ్చారు. వాళ్ళు ఏసీ అక్కర్లేకుండా ఎండకీ దుమ్ముకీ తట్టుకునే పల్లెటూరి ఎక్స్ఛేంజి తయారు చేశారు, 128 లైన్లది. ఊళ్ళలో ఎస్టీడీ బూత్ ముందు లైన్లో నిలబడి గల్ఫ్‌లో ఉన్న వాళ్ళతో మాట్లాడిన రోజులు మన కోనసీమ వాళ్ళకి నేను గుర్తు చేయాలా. టైమూ డబ్బూ ముందే ఇంత అని చెప్పి, మధ్యలో వేలు పెట్టకపోవడం, అదే అక్కడ చేసింది.

మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్న రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్ గారు ఇంకో ఉదాహరణ. కొంకణ్ రైల్వేని మామూలు రైల్వే జోన్ పనిగా కాకుండా 1990లో విడిగా ఒక కార్పొరేషన్ పెట్టి ఆయన చేతికిచ్చారు. కేంద్రానికీ నాలుగు రాష్ట్రాలకీ అందులో వాటాలున్నాయి, అంటే యజమానులు పోలేదు, రోజూ ఫైలు మీద సంతకం పెట్టే పద్ధతి మాత్రం పోయింది. 700 కిలోమీటర్ల పైన లైను, 90కి పైగా సొరంగాలు, 1998కల్లా రైలు నడిచింది.

అంత దూరం ఎందుకండీ, రోజూ దాటే గన్నవరం అక్విడెక్ట్ దగ్గర ఆగి చూడండి, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్తది కాదు, దాని పక్కన పాతది. కాలవ నీళ్ళని వైనతేయ పాయ మీదుగా అవతల నగరం లంకకి తీసుకెళ్ళడానికి 1850లలో కట్టింది, 49 ఖానాలు, అంటే కమానులు. కట్టించింది హేగ్ అని ఒక కుర్ర లెఫ్టినెంటు, కాటన్ దొర కింద పనిచేసినవాడు. వరద తగ్గి మళ్ళీ వరద వచ్చేలోపు ఏట్లో దొరికే ఆ కొన్ని నెలల్లోనే లేపేశారు. గోదావరి ఎవరి కమిటీ కోసమూ ఆగదు కదండీ. ఇటుక ఇటుకకీ మద్రాసు నుంచి అనుమతి రావాలంటే అది ఆ సీజన్లో పూర్తయ్యేదా? నేను అక్కడ బండి ఆపిన ప్రతిసారీ ఇదే అనుకుంటాను.

ఇప్పుడు అసలు మాట. మన సొసైటీ చరిత్ర మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీలో ముగ్గురు అప్పుడు సభ్యులే. 1995లో మాక్స్ చట్టం, అంటే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చినప్పుడు, దేశంలో అలాంటి చట్టం మొదట తెచ్చింది మన రాష్ట్రమే, మన పెద్దలు మనం ఆ చట్టం కిందకి మారాలని ఎంత పోరాడారండి. సర్కారు వాటా డబ్బు మనకి వద్దు, ప్రతి తీర్మానానికీ డిపార్ట్‌మెంట్ ఆఫీసు చుట్టూ తిరగడం మా వల్ల కాదు, మా పొలం మాకు తెలుసు, మా నిర్ణయం మేము తీసుకుంటాం, తప్పయితే మా సభ్యులకి మేము జవాబు చెప్పుకుంటాం, ఇదే కదా అప్పటి వాదన. మా నాన్నగారు కూడా ఆ సభలో చెయ్యి ఎత్తినవాడే. అప్పుడు మీరు డిపార్ట్‌మెంట్‌ని ఏది అడిగారో ఇవాళ మేము మిమ్మల్ని అదే అడుగుతున్నాం, అంతకంటే పైసా ఎక్కువ అడగట్లేదు.

పోయిన మీటింగులో ఒక డైరెక్టర్ గారు "మీరు వేరు కుంపటి పెడతామంటారా" అన్నారు. ఆ మాట నాకు బాధ కలిగింది కానీ అది అడగాల్సిన ప్రశ్నే. కాదండి. మనం నారుమడి పోస్తాం, అది మన చేనులోదే, మన విత్తనమే, కానీ దానికి విడిగా గట్టు వేసి, విడిగా నీళ్ళు పెట్టి, గేదెలు దిగకుండా చూసుకుంటాం. వయసొచ్చాక పీకి చేలో నాటుతాం. మొలక రాగానే తీసుకెళ్ళి దమ్ము చేసిన చేలో నాటితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, అలాగని నారు నారుమడిలోనే ముదిరిపోయినా పంట రాదు. దింపు యూనిట్ ఒకరోజు సొసైటీలో మామూలు సెక్షన్ అవ్వాలనే నేనూ కోరుకుంటున్నాను. ఇప్పుడే కాదంటున్నాను.

పూర్తిగా వదిలేస్తే కూడా నష్టమే, అది ఒప్పుకుంటున్నాను. ఆ జిరాక్స్ కేంద్రంలోనే 1973లో ఆల్టో అని ఒక కంప్యూటర్ చేశారు, మౌస్, తెర మీద విండోలు, ఇప్పుడు మన ఇళ్ళల్లో ఉన్న కంప్యూటర్ లాంటిదే, అది మాత్రం ఆ కంపెనీకి పెద్దగా అక్కరకి రాలేదు, ఆ దారిలో లాభపడింది వేరేవాళ్ళు. దూరంగా ఉన్న గదిలో ఏం జరుగుతోందో హెడ్ ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి పట్టలేదు, అది తమది అనుకోలేదు. కాబట్టి మీతో మాకు తాడు ఉండాలి, కానీ ఆ తాడు పాలకవర్గం చేతిలో ఉండాలి, అయిదుగురు సెక్షన్ హెడ్ల చేతిలో అయిదు తాళ్ళు ఉంటే ఎవరు ఎటు లాగుతున్నారో మాకే తెలియట్లేదు.

మార్కెటింగ్ సెక్షన్ వాళ్ళు మా స్నేహితులే, వాళ్ళ మీద నాకు ఏమీ లేదు. కానీ వాళ్ళకి ఇచ్చిన టార్గెట్ కాయ అమ్మకం. సీజన్లో లారీ నిండాలి, అది వాళ్ళ పని. రేపు మేము వాళ్ళ కింద ఉంటే బాబాయ్‌ని పెద్ద తోటలకే పంపుతారు, పది చెట్లున్న ముసలమ్మ ఫోన్ చేస్తే తర్వాత చూద్దాం అంటారు, చీటీ రాసే టైం ఎవరిస్తారు? తప్పు వాళ్ళది కాదు, వాళ్ళ జీతం ఆ లారీ మీద ఉంది. కొత్త పనిని పాత పని కింద పెడితే రద్దీ వచ్చిన రోజున ముందు నలిగేది కొత్తదే.

మరి ఏం కావాలి అంటే, అజెండాలో ఆ లైను తీసేసి ఇంకో తీర్మానం పెట్టండి. రెండేళ్ళు. యూనిట్‌కి విడిగా ఒక ఖాతా, ఏడాది డబ్బు ఏడాది మొదట్లోనే అందులో వేసేయండి, ఎంత అనేది మీరే చెప్పండి, తక్కువైనా సర్దుకుంటాం, కానీ అందులోంచి బెల్టు, కత్తి, మిషన్ రిపేరు, ఇన్సూరెన్స్ లాంటివి మూడు కొటేషన్లు లేకుండా కొనుక్కోనివ్వండి, బిల్లు ప్రతిదీ రసీదుతో ఉంటుంది. మేము సెక్షన్లకి కాకుండా మూడు నెలలకోసారి నేరుగా పాలకవర్గం ముందుకొచ్చి చెప్తాం, మీలో ఒకరిని మాకు పెద్దగా పెట్టండి, ఏ అవసరమొచ్చినా ఆయన దగ్గరికే వెళ్తాం. డిపాజిట్లు, యూరియా మా దగ్గర అడగొద్దు, మమ్మల్ని అడగాల్సినవి వేరే ఉన్నాయి: బుకింగు ఇచ్చిన రైతుకి ఎన్ని రోజుల్లో మనిషిని పంపారు, ఒకసారి పిలిచినవాళ్ళు మళ్ళీ పిలిచారా, ఎవరికైనా దెబ్బ తగిలిందా, కార్మికులు నిలిచారా వెళ్ళిపోయారా. ఇవి గట్టిగా అడగండి, కోప్పడండి. రెండేళ్ళ మధ్యలో పాలకవర్గం మారినా ఈ తీర్మానం మారకూడదు అని అందులోనే రాయండి, ఎందుకంటే మాకు పోయినసారి తగిలిన దెబ్బ అదే.

ఇంకోటి కూడా రాయండి, ఇది మా వైపు నుంచి. రెండేళ్ళ తర్వాత దింపు కూలీ, బెల్టులు, ఇన్సూరెన్స్ అన్నీ పోను యూనిట్ తన ఖర్చు తను తెచ్చుకోలేకపోతే మూసేయండి. నేనే తాళం తెచ్చిస్తాను. ఈ మాట మా కార్మికులతో కూర్చుని మాట్లాడుకున్నాకే రాస్తున్నాను, నా ఒక్కడి మాట కాదు.

మిగతా స్టాఫ్‌కి వాళ్ళకో రూలు మాకో రూలా అనిపిస్తుందని కార్యదర్శి గారు అన్నారు, అది నిజమైన ఇబ్బందే. డిపోలో ఉన్న కుర్రాడు సంతకం కోసం మూడు గదులు తిరుగుతుంటే నేను నేరుగా షాపుకి వెళ్ళి కొనుక్కొస్తే వాడికి కోపం రాదా. వస్తుంది. దానికి నా దగ్గర ఒకటే ఉంది, మా జీతాలు వాళ్ళ కంటే ఎక్కువ ఉండకూడదు, మా ఖర్చుల రిజిస్టర్ ఆఫీసు బల్ల మీదే ఉంటుంది, ఏ స్టాఫ్ అయినా ఏ సభ్యుడైనా ఎప్పుడైనా తీసి చూసుకోవచ్చు. వాళ్ళలో ఎవరికైనా ఇలాంటి కొత్త ఆలోచన ఉంటే వాళ్ళకీ ఇదే పద్ధతి ఇవ్వండి, కొబ్బరి డొక్క నుంచి పీచు తీసే పని గురించి మిల్లులో ఒకతను ఎప్పటినుంచో చెబుతున్నాడు, అతన్ని కూడా ఒకసారి కూర్చోబెట్టి వినండి దయచేసి.

బాబాయ్‌కి ఈ లేఖ చదివి వినిపించాను. ఆయన మొత్తం విని, చీటీల నోటుబుక్కు సభకి తీసుకెళ్ళు అన్నాడు. అందులో ఇప్పటికి మూడు పుస్తకాలు నిండాయి, ఎవరి తోటలో ఏ నంబరు చెట్టుకి ఏముందో ఉంది, మీలో నలుగురి తోటలు కూడా ఉన్నాయి. మహాజన సభ రోజు ఆ మూడూ, ఖర్చుల రిజిస్టరూ పట్టుకుని ముందు వరసలో ఉంటాను. విలీనం తీర్మానం చదివే ముందు నాకు పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వమని అడుగుతున్నాను.

ఇట్లు,
దింపు యూనిట్‌లో పనిచేస్తున్న మీ సొసైటీ సభ్యుడు